వాన వెలిశాక కలుద్దాం

గురువారం పొద్దున ఎనిమిదింటికే ఎవరిస్తో గారు మంచం మీద బెలేం నగరపటం పరిచి, ఆ రోజు చేయాల్సిన పనులు గట్టిగా చదివి వినిపించారు. కురితిబా బస్సు డిపోలో ముప్ఫై ఒక్క ఏళ్లు టైమ్‌కీపరుగా చేసి, రిటైరైన నెలకే తనకీ భార్యకీ చెరో వీపుసంచీ కొన్న మనిషాయన. మనిషికి మూడు జతల బట్టలు, సంచీ బరువు ఏడు కిలోలు, సెల్‌ఫోన్లు ఇంట్లో బీరువాలో. రూల్సన్నీ ఆయనవే. డాల్వా గారు దేనికీ ఎదురు చెప్పలేదు. ఆవిడకి కావలసింది ఒక్కటే.

సంతరేంలో ఆవిడ అక్క జురేమా ఉంది. అక్కచెల్లెళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని పంతొమ్మిదేళ్లయింది. ఆదివారంతో జురేమాకి డెబ్బై నిండుతాయి. బెలేం నుంచి నదిలో రెండున్నర రోజుల ప్రయాణం. ఈ సాయంత్రం పడవ తప్పిపోతే మళ్లీ సోమవారం దాకా ఇంకోటి లేదు.

"గుండె ఆపరేషనయ్యాక అక్క చేసుకుంటున్న మొదటి పుట్టినరోజండీ. నేను లేకుండా కేకు కోసిందంటే నేను తట్టుకోలేను," అంది డాల్వా.

"నేనుండగా పడవ తప్పడమేమిటి? ఇన్నేళ్ల సర్వీసులో నా చేతిమీదుగా ఒక్క బస్సైనా ఆలస్యంగా కదిలిందా?"

"బస్సులు బాగానే కదిలాయి. మనమే ఎక్కడికీ కదల్లేదు."

ఆ మాట వినిపించుకోకుండా ఆయన మాసిన బట్టలన్నీ మూటగట్టి, బస పక్కనే ఉన్న ఒస్మరీనా ఇంటికి తీసుకెళ్లారు. పాత ఊళ్లోని ఆ వీధి బట్టలన్నీ ఉతికేది ఆవిడే. ఎన్నింటికి రమ్మంటావని అడిగితే, "వాన వెలిశాక రండి సార్, మడతపెట్టి ఉంచుతా," అంది.

మా బెలేంలో గడియారం గోడకి అందం, అంతే. మధ్యాహ్నం రెండున్నర, మూడు మధ్య ఆకాశం కుండపోతగా కురుస్తుంది, అరగంటలో తెరిపినిస్తుంది. పళ్ల డాక్టరు దగ్గరికి వాన ముందు వెళ్తాం, ప్రేయసి దగ్గరికి వాన తర్వాత. ఎవరిస్తో గారికి ఈ పద్ధతి తెగ నచ్చేసింది. నాలుగు రోజులుగా వాన వచ్చిన టైము చిన్న పుస్తకంలో రాసుకున్నారు కూడా.

"రెండు నలభై, రెండు యాభై, రెండు నలభై ఐదు, మళ్లీ రెండు నలభై! ఇలాంటి డ్రైవర్లు నలుగురుంటే మా డిపోకి పతకాలొచ్చేవి," అన్నారు భార్యతో. "నువ్వు బజారుకెళ్లి పడవలో కట్టుకుని పడుకోవడానికి రెండు గుడ్డ ఉయ్యాలలు కొను. వాన వెలిశాక బస ముందుకి వచ్చెయ్. బట్టలు తీసుకుని రేవుకి పోదాం. పడవ కూడా వాన వెలిసి, సరుకెక్కాకే కదులుతుంది."

"ఒకవేళ వాన రాకపోతే?"

"బెలేంలోనా!" అని ఆయన కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు.

రెండు నలభైకి ఆయన గుమ్మంలో నిలబడి ఆకాశంకేసి చూశారు. మచ్చుకైనా మబ్బు లేదు. మూడయింది. మూడున్నరయింది. వీధిలో తలుపులన్నీ బిగించి ఉన్నాయి. వాన చప్పుడు వినబడేదాకా కునుకు తీయడం ఇక్కడ అందరికీ అలవాటు. మామిడిచెట్టు నీడలో టెర్తులియానో అనే ముసలాయన ఒక్కడే కూర్చుని, రెండువైపులా తనే డామినో ఆడుకుంటున్నాడు.

నాలుగింటికి ఎవరిస్తో గారు టికెట్ల కోసం జేబు తడుముకున్నారు. ఆ జేబు ఆ నిక్కరుకి లేదు. టికెట్లు గోధుమరంగు ప్యాంటు జేబులో ఉన్నాయి. ఆ ప్యాంటు ఒస్మరీనా దగ్గరుంది. ఒక్క గెంతులో ఆవిడ గుమ్మం ముందుకెళ్లి దబదబా బాదారు.

"అరిచేతులు వాయడం తప్ప లాభంలేదు బాబూ," అన్నాడు టెర్తులియానో. "మొన్న పక్కింట్లో పెళ్లి బ్యాండు మోగినా లేవలేదావిడ."

"మరి ఎలా లేస్తుంది?"

"రేకుల మీద నాలుగు చినుకులు పడనీ, లేడిపిల్లలా లేస్తుంది. పెరట్లో బట్టలారేసి పడుకునే మనిషి కదా, చెవి దానికే ట్యూనయిపోయింది."

"వాన రాకపోయినా పడవ ఆగుతుందా తాతా?"

"ఏమో మరి. ఫ్లోరియానో కెప్టెన్ పడవలో ఐసులో పెట్టిన కోడిమాంసం పెట్టెలున్నాయి. ఐసు కరిగిపోతుందని ఏ క్షణాన్నైనా లంగరెత్తేయొచ్చు."

ఎవరిస్తో గారు ముసలాయన మొక్కలకి నీళ్లు పెట్టే పైపుకేసి చూశారు. తర్వాత రేకులకేసి చూశారు. అవసరమైతే వానని కూడా టైముకి నడిపించగలనన్న నమ్మకం ఆయన మొహంలో కనిపించింది. ముసలాయన సంగతి గ్రహించి, డామినో బిళ్లలు జేబులో వేసుకుని బల్ల ఖాళీ చేశాడు.

"కుళాయి నేను తిప్పుతా, నువ్వు ఎక్కు! ఈ ఏడాదిలో ఇంత సరదా పని పడలేదు నాకు."

ఆయన బల్లెక్కి, పైపు మూతికి బొటనవేలు అడ్డంపెట్టి, రేకుల మీద జల్లు కురిపించారు. టపటపా, దడదడా, అచ్చంగా మా ఊరి వానే! లోపల ఏదో పళ్లెం కిందపడింది. "అయ్యో, నా దుప్పట్లు!" అని కేక. ఒస్మరీనా లేచింది. కాకపోతే ఆ వీధిలో ఇళ్లన్నీ ఒకే వరస, రేకులన్నీ కలిసి ఒకటే కప్పు. నీళ్లు అన్ని చూరుల నుంచీ కారాయి, చప్పుడు అందరి చెవుల్లోనూ పడింది.

ఆయన పైపు దించేసరికి తలుపులు వరసగా తెరుచుకున్నాయి. మంగలి కొట్టు తెరిచి కుర్చీ తుడిచాడు. సాయంత్రం పులుసు అమ్మే ఆవిడ బండి తోసుకొచ్చి పొయ్యి వెలిగించింది. ఒక కుర్రజంట అత్తరు పూసుకుని చెరో సందులోంచి వచ్చి మూలమీద కలుసుకుంది. ఎండ చుర్రుమంటోంది, వీధి అవతల నేల పొడిగా ఉంది, ఒక్కరికీ అనుమానం రాలేదు. ఇక్కడ ఒక వీధిలో కురిసి పక్కవీధిలో కురవకపోవడం మామూలే. బల్ల మీద తడిసి నిలబడ్డ పరాయి మనిషిని చూసి, "పాపం, వానలో చిక్కుకున్నారా?" అని జాలిపడ్డారు.

"ఆ, కాస్త గట్టిగానే పడింది," అన్నారు ఎవరిస్తో గారు గంభీరంగా.

ఆ కబురు పులుసు తాగేవాళ్ల నోటివెంట పక్కవీధికి పోయింది, అక్కణ్నుంచి బజారుకి. పావుగంటలో డాల్వా గారు భుజాన రెండు ఉయ్యాలలు వేసుకుని ఆయాసపడుతూ వచ్చింది.

"పాత ఊళ్లో నిప్పులుకక్కే ఎండలో వాన కురిసిందని బజారంతా చెప్పుకుంటున్నారు. మీరేదో చేశారని అప్పుడే అనుకున్నాను."

"అది తర్వాత! టికెట్లు! గోధుమరంగు ప్యాంటు!" అంటూ ఆయన, పెరట్లో బట్టలన్నీ తీసుకుని అప్పుడే బయటికొచ్చిన ఒస్మరీనా చేతిలోని బుట్ట మీద పడ్డారు.

"జేబులు చూడకుండా ఉతుకుతానా సార్?" అని ఒస్మరీనా నొచ్చుకుంది. "పొద్దున్నే తీసి అమ్మగారికి ఇచ్చేశా."

డాల్వా నడుముకి కట్టుకున్న సంచీలోంచి రెండు టికెట్లు బయటకి తీసి చూపించింది. "తొమ్మిదింటి నుంచీ నా దగ్గరే ఉన్నాయి. వాన వెలిశాక రమ్మన్నారుగా, దానికోసమే కూర్చున్నాను."

చూరునీళ్లకి తడిసిన బట్టలే సంచీల్లో కుక్కుకుని ఇద్దరూ రేవుకి పరుగెత్తారు.

రేవులో పడవ లేదు. ఒక ఫర్లాంగు దూరంలో, నీళ్ల మీద, మెల్లిగా వెళ్లిపోతోంది. తాళ్లు చుట్టుకుంటున్న కూలీని అడిగితే, "పాత ఊళ్లో వాన వెలిసిందని కబురొచ్చింది కదండీ! కెప్టెన్ గబగబా సరుకెక్కించి కదిలిపోయాడు," అన్నాడు.

డాల్వా ఉయ్యాలల మూట మీద కూలబడింది. "పంతొమ్మిదేళ్లు," అంది, అంతే, ఏడుపు ముంచుకొచ్చింది. "గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటుందండీ అక్క. నేనొచ్చేదాకా లేవదు."

ఎవరిస్తో గారు సంచీ దింపి ఆవిడ పక్కనే నేల మీద కూర్చున్నారు. "తప్పంతా నాదే డాల్వా. ఆ పడవని పంపించేసింది నేనే," అన్నారు. ఆయన నోట ఈ మాట వినబడడం ఇదే మొదలు. తర్వాత లేచి చొక్కా విప్పి, జండాలా ఊపుతూ, "ఆగండీ! వాన పడలేదూ! అంతా అబద్ధం!" అని గొంతు చించుకున్నారు. ఎవరూ వినలేదు.

అప్పుడు ఆయన బట్టతల మీద ఒక చినుకు పడింది. పైకి చూసేలోగా ఇంకో పది పడ్డాయి. నది అవతలి గట్టు కనబడకుండా పోయింది. అయిదు నలభైకి, మూడు గంటలు లేటుగా, అసలైన వాన కుండపోతగా దిగింది.

డాల్వా కళ్లు తుడుచుకుని చూసింది. పడవ నెమ్మదిగా ముక్కు తిప్పుకుని రేవుకేసి వస్తోంది. ఒడ్డుకి ఆనుకోగానే ఫ్లోరియానో కెప్టెన్ తల బయటపెట్టి రుసరుసలాడాడు.

"మా తాత నాటినుంచీ మా పడవ వాన వెలవకుండా కదలదు. ఎక్కండమ్మా, ఎక్కండి, తడిసిపోతున్నారు. వెలిశాక వెళ్దాం. అవునూ, ఇందాక పాత ఊళ్లో పడిందన్నారే, మరి అదేమిటి?"

డాల్వా భర్త చెయ్యి పట్టుకుని పడవలోకి లాగి, ఉయ్యాల కట్టడానికి కొక్కెం వెతుక్కుంటూ చెప్పింది.

"అది మావారు."