ఉప్పుగాలి బ్యాండు ఎందుకు మారిందంటే

రాక్ బ్యాండు అన్నాక ఏడాదికోసారి వేషం మార్చి తీరాలి. మార్చని బ్యాండుని అస్సలు నమ్మకండి!

మొన్నటిదాకా జుట్టు విరబోసుకుని అరిచినవాళ్లు ఇవాళ గుండ్లతో వచ్చి మెల్లగా పాడుతున్నారేమిటి, వీళ్లు అమ్ముడుపోయారు, పాత రుచి పోయింది అని మీరు ఫేస్‌బుక్‌లో కన్నీళ్లు పెట్టుకుంటారు. ఊరుకోండి! మీ ఇంట్లో కర్టెన్లు మార్చరూ? మీ ఎమ్మెల్యే కండువా మార్చడూ? అప్పుడు రాని ఏడుపు, గిటారు పట్టుకున్న కుర్రాడు చొక్కా మారిస్తే ఎందుకొస్తుంది?

ఇక విమర్శకులున్నారు. వాళ్లు కళాత్మక పరిణామం అంటారు. అంతర్మథనం అంటారు. మినిమలిజం అని ఇంకో మాట ఉంది. దాని అర్థం అడిగితే రాసినవాడు చాయ్ తాగడానికి లేచి వెళ్లిపోతాడు.

అసలు కారణాలు కావాలా? అయితే కళింగపట్నం పోవాలి. వంశధార సముద్రంలో కలిసే ఆ ఊళ్లో ‘ఉప్పుగాలి’ అని ఒక రాక్ బ్యాండు ఉంది. పాటా గిటారూ ధనరాజు, డ్రమ్స్ లక్ష్ముడు, కీబోర్డు గంగులు. ముగ్గురూ సముద్రం మీద వేటకెళ్లేవాళ్లే. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఎండాకాలంలో సర్కారు వేట ఆపిస్తుంది కదా, పడవలు ఒడ్డెక్కి కూర్చుంటాయి, కుర్రాళ్లకు చేతులు ఊరుకోవు. కళింగపట్నంలో రాక్ సంగీతం పుట్టేది ఆ రెండు నెలల్లోనే. మిగతా కాలమంతా అది వలల్లో ఉంటుంది.

ధనరాజుకి ప్రపంచ ప్రఖ్యాతి అక్కర్లేదు. వాడికి కావలసింది ఒక్కటే. వాడు సొంతంగా కట్టిన పాట ఒకటుంది. దాన్ని జనం ముందు మొదటినుంచి చివరిదాకా పాడాలి. పాట వాళ్ల మామ్మ మీద కట్టాడు. మామ్మ పేరు తాతమ్మ. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి, ఎండలో మాడి, ఈ మనవణ్ని పెంచింది. ఆ పాటలో మామ్మ పేరు ఆఖరి చరణంలో గానీ రాదు. తమాషా ఏమిటంటే ఆ ఆఖరి చరణం దాకా ఎవరూ వాణ్ని పోనివ్వలేదు. ఇంట్లో పాడి వినిపిస్తానంటే తాతమ్మ కూర్చోదు.

“ఇంట్లో మడిసికి ఇంట్లో ఇనిపించడమేట్రా? నలుగుర్లో పాడు, నానూ వచ్చి ఇంటాను” అంటుంది.

సరే, నలుగుర్లో పాడదామనే బయల్దేరారు. మొదటి ఏడాది నల్ల చొక్కాలు, భుజాల మీదికి జుట్టు, గిటారు మీద పుర్రె బొమ్మ. వేట నిషేధం ముగిసి, పడవలు మళ్లీ నీళ్లలో దిగేముందు గంగమ్మకు చేసే పండగలో మొదటి కచేరీ. రెండ్రోజుల ముందు అదే వేషంలో రిహార్సల్‌కి స్టేజీ ఎక్కబోతుంటే ఊరిపెద్ద కూర్మయ్య అడ్డంగా నిలబడ్డాడు.

“ఒరే, పడవలు దిగే రోజున తల్లికి నల్లగుడ్డ సూపిస్తారేట్రా? ఎల్లినోళ్లు తిరిగి రావాలా, అక్కర్నేదా?”

“మావా, రాక్ అంటే నలుపే మావా!”

“రాకైనా పోకైనా పసుపేసుకు రండి.”

పసుపు చొక్కాలు ఎక్కడినుంచి వస్తాయి? అప్పుడు ప్రత్యక్షమయ్యాడు ఉమాపతి. కోటబొమ్మాళిలో బట్టల కొట్టు యజమాని. ఆయన దగ్గర చీరల కిందకి వేసే పసుపు లైనింగు తాను ఒకటి అమ్ముడుపోక మూలుగుతోంది. గుడ్డ ఊరికే ఇస్తాను, వీపు మీద మా కొట్టు పేరు వేసుకోండి అన్నాడు. వేసుకున్నారు. పాట రెండో చరణంలో ఉండగా కూర్మయ్య మైకు లాక్కున్నాడు.

“పెసాదం అయిపోతన్నాది, బేగి రండహో!”

జనం లేచి పరుగు. ఆ వారం శ్రీకాకుళం నుంచి వచ్చిన ఓ విలేఖరి మాత్రం ఏమని రాశాడనుకున్నారు? చీకటి సౌందర్యం నుంచి వెలుగు వైపు ఉప్పుగాలి ప్రయాణం అని! చదివి ధనరాజు చాలాసేపు ఆలోచించాడు. తనకే కొత్తగా తెలిసింది.

తర్వాత తుఫాను వచ్చింది. లక్ష్ముడు, గంగులు ఎక్కిన పడవ ఒడ్డుకి చేరలేదు. ధనరాజు ఒడ్డున నిలబడి గొంతు పోయేదాకా పిలిచాడు. ఊరు ఊరంతా ఏడ్చింది. తాతమ్మ మాత్రం సింహాచలం వైపు తిరిగి, పడవ వచ్చేస్తే తలనీలాలిస్తానని మొక్కేసింది. ఎవరి తలనీలాలు? తనవి కాదు! ముగ్గురు రాక్ కళాకారులవీ!

పడవ క్షేమంగా వచ్చింది. ధనరాజు వాళ్లిద్దరినీ కావలించుకుని ఏడుస్తుండగానే మొక్కు సంగతి బయటపడింది.

“మామ్మా, మా జుత్తు మొక్కడానికి నువ్వెవలే?”

“నా నెత్తిమీద నాలుగు ఎంట్రుకలున్నాయి. అయి ఇస్తానంటే దేవుడికి నవ్వొస్తాది. మీకైతే బారుగున్నాది గదా! అంత జుత్తు సూసే పడవ పంపించినాడు.”

ముగ్గురూ కొండెక్కి గుండ్లు కొట్టించుకున్నారు. ఆ నెలలోనే విజయనగరంలో ఒక కాలేజీ ఫెస్టు. నున్నటి గుండ్లతో ఉప్పుగాలి స్టేజీ ఎక్కేసరికి కుర్రకారు వెర్రెత్తి ఈలలు వేసింది. ఎవరో తిరుగుబాటు అన్నారు. ఎవరో ఈ వ్యవస్థ మీద ధిక్కారం అన్నారు. నలుగురు విద్యార్థులు మర్నాడే గుండ్లు చేయించుకుని ఇళ్లలో తన్నులు తిన్నారట. పాట? రెండో చరణంలో ‘డీజే! డీజే!’ అని కేకలు. కరెంటు తీగలు పీకి డీజేవాడికి ఇచ్చేశారు.

ఆపైన లక్ష్ముడు గుజరాత్ పోయాడు. మనవాళ్లు వెరావల్ పోయి అక్కడి బోట్ల మీద పనిచేసి నెలల తరబడి తిరిగిరారు కదా. డ్రమ్స్ వాయించేవాడు లేడు. ఉన్న ఇద్దరూ మెల్లగా, గుసగుసగా పాడారు. అదండీ మినిమలిజం! లక్ష్ముడు అక్కణ్నుంచి దాండియా దరువు నేర్చుకుని వచ్చాడు. వేళ్లు ఆగక ప్రతిదానికీ అదే వాయించాడు. అది ఫ్యూజన్ అయింది. పాతపట్నంలో ఒక పెళ్లిలో ఆ దరువు మీదే ధనరాజు తన పాట మొదలెట్టాడు. మూడో చరణం దాకా వెళ్లాడు! ఇంతలో పెళ్లికూతురి మేనమామ వచ్చి, బాబూ, కొంచెం పక్కకి జరగండి, ఫొటోలో అడ్డొస్తున్నారు అన్నాడు. జరిగారు. ఫొటోల తర్వాత భోజనాలు. భోజనాల తర్వాత ఎవరుంటారు?

చూశారా? ఊరిపెద్ద, మామ్మ, దేవుడు, గుజరాత్ బోటు ఓనరు, మేనమామ. ఇంతమంది కష్టపడితే గానీ ఒక బ్యాండుకి పరిణామం రాదు. మీరేమో కుర్రాళ్లకు నిలకడ లేదంటారు! నిలకడగా నిలబడనిచ్చినవాడు ఒక్కడున్నాడా?

అన్నిటికన్నా పెద్ద సంగీతజ్ఞుడు మాత్రం ఉమాపతే. కొట్లో ఏ తాను మిగిలితే ఉప్పుగాలికి ఆ ఏడాది ఆ శైలి. ఒక ఏడాది పూల పూల నైటీ గుడ్డ మిగిలింది. ఆ ఏడాది ముగ్గురూ పూల చొక్కాల్లో దిగితే వీళ్లు ప్రేమ, శాంతి బాట పట్టారన్నారు. ఇంకో ఏడాది ఒక స్కూలు యాజమాన్యం యూనిఫాం మార్చేసి ఆయన కొంప ముంచింది. నీలం గళ్ల గుడ్డ గోదాములో కొండలా పడుంది.

“ఒరే ధనరాజూ, ఇక మీరు గళ్ల చొక్కాలే. కొట్టు వార్షికోత్సవం పెడతన్నాను, మీదే పోగ్రాం.”

“నా పాట పూర్తిగా పాడనిస్తారా మరి?”

“పాడుకో నాయనా, ఎవడొద్దన్నాడు? గళ్లు మాత్రం బాగా కనపడాల. సంచి గట్రా భుజానేసుకుని గళ్లు కప్పీకండి.”

అలా కోటబొమ్మాళిలో, కొట్టు ముందు స్టేజీ మీద, స్కూలు పిల్లల గుడ్డ కట్టుకుని ముగ్గురు గడ్డాలవాళ్లు నిలబడ్డారు. ఆ రోజు సంత. తాతమ్మ గంప ఖాళీ చేసుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది. వీధి నిండా జనం. సందెచీకటి పడింది. ధనరాజు తీగ మీటాడో లేదో, కరెంటు పోయింది!

సీరియల్ బల్బులు, మైకు, గిటారు, కీబోర్డు, ఉమాపతి బోర్డు, అన్నీ ఒక్కసారి చచ్చాయి. ఉమాపతి తిట్టుకుంటూ వెనక జనరేటరు దగ్గరికి పరిగెత్తాడు. అది ఎంత తిప్పినా పలకదు. ధనరాజుకి ఏడుపొచ్చింది. ఈసారి రెండో చరణం కూడా దక్కలేదు!

“మావా, డ్రమ్ముకి కరెంటక్కర్నేదు గదా” అన్నాడు చీకట్లో లక్ష్ముడు, మెల్లగా దరువు మొదలెడుతూ. “నీ గొంతుకి మాత్రం కావాలేటి?”

ధనరాజు స్టేజీ చివర కూర్చుని గొంతెత్తాడు. మైకు లేదు కాబట్టి జనం మాటలు ఆపారు. గళ్లు కనపడవు కాబట్టి చూడ్డానికేమీ లేదు. పాపం, గతిలేక విన్నారు. మొదటి చరణం. రెండోది. మూడోది. ఎవరూ లేవలేదు. ఆఖరి చరణం కూడా ఎత్తుకున్నాడు.

*గంప కింద మడిసున్నాది, మడిసికో పేరున్నాది,*
*గంప దించి కింద సూడు, తాతమ్మన్నది ఆ పేరు!*

వీధి అంతా చప్పట్లు. వాటిలోంచి ముసలి గొంతొకటి వినబడింది.

“ఒరే, ఇంతమందిలో పేరెట్టి పిలిసినావేట్రా నన్ను!” తాతమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. “అయినా నా గంప అంత బరువేటి కాదురా.”

ధనరాజు ఆ చీకట్లోనే హాయిగా ఏడ్చాడు. వాడికి ఇంకేం అక్కర్లేదనిపించింది.

జనరేటరు పలికింది. దీపాలు వెలిగాయి. ఉమాపతి చేతులకి డీజిల్‌తో పరుగున వచ్చి, ఎవరా పాడింది, వెనక నాకు ఒళ్లు జలదరించింది అన్నాడు. ధనరాజు నేనే అన్నాడు. ఉమాపతి వాణ్ని పైనుంచి కిందిదాకా ఒకసారి చూశాడు.

“నువ్వా! ఇన్నాళ్లూ ఈ పాట ఎక్కడ దాసినావురా? ఆగాగు, ఇందులో కిటుకు పాటది కాదు, సీకటిది! దొరికిందిరా కొత్త గెటప్పు. వచ్చే యేడు లైట్లు మనమే ఆర్పీద్దాం!”

అన్నంత పనీ చేశాడు. మరుసటి ఏడాది శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా గోడల మీద పోస్టర్లు, వాట్సాప్‌లో మెసేజీలు: ‘చీకట్లో ఉప్పుగాలి!’ ఈసారి వీధి చాలదని మైదానం తీసుకున్నారు. అంతమంది జనాన్ని ధనరాజు ఎన్నడూ చూడలేదు. తెల్ల చొక్కా వేసుకున్నాడు, ఎందుకంటే ఉతికి ఉన్నది అదే, చీకట్లో ఎవరికి కావాలి? తాతమ్మని తీసుకొచ్చి ముందు కూర్చోబెట్టాడు. ఉమాపతి సైగ చేశాడు, లైట్లన్నీ ఆరిపోయాయి.

ధనరాజు కళ్లు మూసుకుని మొదటి చరణం ఎత్తుకున్నాడు.

కళ్లు తెరిచేసరికి ఎవడో ఫోను టార్చి వేశాడు. పక్కవాడూ వేశాడు. ఆ వెనక వరస, ఆ వెనక వరస. రెండో చరణానికి మైదానమంతా పట్టపగలైంది. అన్ని వెలుగులూ వాడి చొక్కా మీదే!

“ఒరే, తెల్లదిరా! గళ్లది కాదు!”

“పోయినేడు గళ్ల సొక్కాలో ఎంత బాగా పాడినాడు! ఈడూ మారిపోనాడ్రా!”

పోయిన ఏడాది పాడుతున్నప్పుడు గళ్లు ఎవడికీ కనపడనేలేదు. ఆ మాట ఎవరితో చెప్పుకోవాలి? ధనరాజుకి ఒళ్లు మండింది. మూడో చరణం మధ్యలో పాట ఆపేశాడు. ఆపి, జనం వంక చూశాడు. ఒక్కరంటే ఒక్కరు గమనించలేదు! లక్ష్ముడు దరువు వేస్తున్నాడు, చేతులు పైకి లేచే ఉన్నాయి, ఫోన్లు తీస్తూనే ఉన్నాయి, చప్పట్లు కూడా పడుతున్నాయి.

అప్పుడు ముందు వరసలోంచి కేక వచ్చింది.

“ఒరే ధనరాజూ, ఆపీసినావేటి? నా పేరింకా రానేదు!”

ధనరాజు జనానికి వీపు పెట్టి, స్టేజీ మీద ఓ మూలకి జరిగి, తాతమ్మ ఒక్కదాని వైపు తిరిగి కూర్చుని మిగతా పాట పాడాడు.

వీపు పెట్టి పాడటం ఉప్పుగాలి వారి సరికొత్త స్టైల్ అని మర్నాడు పేపర్లో వచ్చింది.