ఫిర్యాదుల సర్వర్‌కు మంత్రిగారి వైద్యం

"ఫిర్యాదులు లేని సమాజాన్ని సాధించాం!" అని ఫిర్యాదుల శాఖ మంత్రిగారు సోమవారం ప్రకటించారు. పొద్దుటి నుంచి ఒక్క ఫిర్యాదూ నమోదు కాలేదట. ఎలా అవుతుంది? కరెంటు పోయి వచ్చేసరికి ఆఫీసు లినక్స్ సర్వర్‌లో, ఏ ఫైలు ఎక్కడుందో లెక్క చూసే ఫైల్‌సిస్టమ్ పాడైంది. ఉన్నవి కొన్ని చదవనిస్తుంది, కొత్తది ఒక్క ముక్క రాయనివ్వదు.

మా ఇంట్లోకొస్తున్న మురుగునీటి మీద ఇచ్చిన ఫిర్యాదు సంగతి కనుక్కుందామని వెళ్లి అక్కడే ఉన్నాను కాబట్టి, తర్వాతి మహత్కార్యం కళ్లారా చూసే భాగ్యం దక్కింది.

రిపేరు చెయ్యాలా వద్దా అని కమిటీ కూర్చుంది. చేస్తే ఫిర్యాదులు తిరిగొస్తాయి కాబట్టి వద్దని ఏకగ్రీవంగా తేల్చింది. అంతలో ముఖ్యమంత్రిగారు ఫోన్ చేసి, "ఫిర్యాదులే లేకపోతే మీ శాఖెందుకయ్యా?" అన్నారు. చెయ్యాలని కూడా కమిటీ ఏకగ్రీవంగానే తేల్చింది.

సర్వర్ చూసుకునే ఇంజనీరమ్మని పిలిపించారు.

"ముందు డిస్కు మొత్తానికీ కాపీ తియ్యాలి సార్. రిపేరు వికటిస్తే మళ్లీ ప్రయత్నించడానికి అదొక్కటే దిక్కు."

మంత్రిగారు అదిరిపడ్డారు. "కాపీనా! ఉన్న ఫిర్యాదులకే తల బొప్పి కడుతుంటే, రెండింతలు చేస్తానంటావేంటమ్మా?"

పీయేగారు ఈ మాటని భక్తిగా రాసుకున్నారు.

"అసలీ లినక్స్ ఎవరిది?" అన్నారు మంత్రిగారు.

"ఒక్కరిదని లేదు సార్. అందరిదీ."

"అందరిదీ అంటే ప్రభుత్వానిదే. మన ఆస్తిని మనం బాగుచేసుకోవడానికి భయమెందుకు?"

సర్వర్ గదికి రిబ్బన్ కట్టారు. మంత్రిగారు కత్తిరించి, కెమెరాల వైపు చూస్తూ మీట నొక్కారు. మెషీన్ అడగడం మొదలెట్టింది: ఈ ఫైలు దారి తప్పింది, సరిచెయ్యనా? అవునా, కాదా? మంత్రిగారు అవునన్నారు. మళ్లీ అడిగింది. మళ్లీ అన్నారు. మళ్లీ అడిగింది.

"ఏంటిది, ప్రతిపక్షంలా ప్రశ్నలు?"

"అన్నిటికీ అవును అనే ఆప్షనుంది సార్. కానీ కాపీ లేకుండా ప్రమా..."

"అన్నిటికీ అవుననేవాళ్లు దొరికాక ఇంకా ఆలోచనేంటమ్మా! నా శాఖంతా దాంతోనే నడుస్తోంది."

కమిటీ అవునంది.

మెషీన్ గిరగిరా పనిచేసి ఆగింది. ఇంజనీరమ్మ తెర చూసి కుర్చీలో కూలబడింది. "ఫిర్యాదులున్నాయి సార్. ఏది ఎవరిదో చెప్పే ఫైలు పేర్లు పోయాయి. అన్నీ ఒక మూల ఫోల్డర్‌లో ఉత్త అంకెలతో కుప్పగా పడున్నాయి."

లా ఆఫీసర్ మొహం వెలిగిపోయింది. "ఊరూ పేరూ లేనివంటే ఆకాశరామన్న ఉత్తరాలే కదండీ! రూలు ప్రకారం చెల్లవు."

అన్నిటినీ పరిష్కరించినట్టు నమోదు చేశారు. మరి ఆ శుభవార్త ఎవరికి చెప్పాలి? ఫిర్యాదుదారులెవరో తెలియదు కాబట్టి, ఊళ్లో ఫోనున్న ప్రతివాళ్లకీ 'మీ సమస్య పరిష్కారమైంది, ధన్యవాదాలు' అని మెసేజ్ పంపారు. ఇంత విశాలహృదయం నేనెక్కడా చూళ్లేదు. మా ఎదురింటాయనకి ఏ సమస్యా లేదు, ఆయనకీ తీరిపోయింది.

నేను పరుగున ఇంటికెళ్లి నా మెసేజ్ మా ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ మంచమ్మీద కాళ్లు ముడుచుక్కూచుని, గుమ్మం దాటి లోపలికొస్తున్న నీళ్లనే చూస్తోంది.

"కాస్త గట్టిగా చదవండి," అంది. "వాటిక్కూడా వినబడొద్దూ?"

గట్టిగా చదివాను.