అల్లుడి డప్పు మిషన్

నెల ఆఖరి రోజు పొద్దున జైపాల్ వేసుకున్న ప్లాను చాలా సులువైనది. మామ బిక్షం ఆ రోజుతో బొగ్గు బాయి పని నుంచి రిటైర్ అవుతున్నాడు. మధ్యాహ్నం షిఫ్టు దిగగానే ఆయన్ను పూలు కట్టిన జీపు ఎక్కించి, సెంటినరీ కాలనీ వీధుల గుండా డప్పుల మోతతో క్వార్టర్‌కు తీసుకురావాలి. బిక్షం టింబర్‌మన్. గని లోపల కప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టడమే జీవితమంతా ఆయన చేసిన పని. ఇన్నేళ్లలో అల్లుణ్ని ఆయన కోరింది ఒక్కటే.

"నాకు శాలువలు గిట్ల వద్దు అల్లుడా. డప్పులు మాత్రం మోగాలె."

ఆ డప్పుల వాళ్లేమో ముందు రోజు ఫోన్ చేసి, బెల్లంపల్లిలో పెళ్లి ఒప్పుకున్నాం, రాలేమని చెప్పేశారు. జైపాల్ కంగారు పడలేదు. అతని దగ్గర డప్పు మిషన్ ఉంది. సకల జనుల సమ్మె అయిపోయాక హైదరాబాద్ వెళ్లి ముచ్చటపడి కొనుక్కొచ్చిన చిన్న పెట్టె అది. పైన రబ్బరు గళ్లు ఉంటాయి. ఒక్కో గడిని వేలితో తడితే ఒక్కో చప్పుడు వస్తుంది. జైపాల్ అందులో డప్పు, డోలు, శంఖం, గంట, పటాకులు అన్నీ నింపిపెట్టాడు. ఇంతవరకు అతని వాయింపును భార్య యమున తప్ప ఎవరూ వినలేదు. ఆమె కూడా ఇష్టపడి వినలేదు.

మామ డ్యూటీకి వెళ్లగానే జైపాల్ ముందు గదిలో మిషన్ పెట్టుకుని కూర్చున్నాడు. మెల్లగా తడితే పలకడం లేదు. గట్టిగా గుద్దితే పలుకుతోంది గానీ వేలు వాస్తోంది. ఊరేగింపంతా గుద్దుతూ పోతే చేతులు మిగలవు. మిషన్ మీద సెన్సిటివిటీ అని ఒకటుంది. ఎంత మెల్లగా తాకినా పలకాలో అక్కడ చెప్పుకోవచ్చు. జైపాల్ దాన్ని కొంచెం పెంచాడు, ఇంకొంచెం పెంచాడు, చివరిదాకా తిప్పేశాడు. ఇప్పుడు వేలు ఆనించీ ఆనించకముందే డప్పు "డం" అంటోంది.

అతను మురిసిపోతుండగా వంటింట్లో యమున రోట్లో ఎల్లిపాయలు దంచడం మొదలుపెట్టింది. ముందు గదిలో మిషన్ కూడా దంచడం మొదలుపెట్టింది.

"గా మోత ఆపరాదూ! తలకాయ పలుగుతున్నది" అని యమున అరిచింది.

"నేను ముట్టనే లేదు!" అన్నాడు జైపాల్, రెండు చేతులూ పైకెత్తి.

అత్త సారవ్వ బియ్యం బస్తా ఈడ్చింది. శంఖం ఊదింది. ఆమె ఉలిక్కిపడి బస్తా వదిలేసి, దేవుడి పటం దిక్కు తిరిగి దండం పెట్టుకుంది.

జైపాల్‌కు ఏమీ అర్థం కాలేదు. చప్పుడు ఎక్కువవుతోంది కాబట్టి వాల్యూమ్ తగ్గించాడు. మోత వినబడడం మానేసింది. బాగుపడిందనుకున్నాడు. సెన్సిటివిటీ మిషన్‌కు చెవి లాంటిది, వాల్యూమ్ గొంతు లాంటిది. అతను గొంతు నొక్కి, చెవి మూశాననుకున్నాడు.

ఇంతలో టెంట్ హౌస్ బుచ్చన్న వచ్చి వాకిట్లో శామియానా వేసి, పెద్ద స్పీకర్ డబ్బా తెచ్చి ముందు గదిలో పెట్టాడు. బల్లలన్నీ భోజనాల కోసం కమ్యూనిటీ హాలుకు పోయాయి. వేరే చోటు లేక జైపాల్ మిషన్‌ను స్పీకర్ డబ్బా మీదే పెట్టి వైరు తగిలించాడు. బుచ్చన్న ఒక గడిని తట్టి చూసి మొహం చిట్లించాడు.

"ఏందన్నా గింత సన్నగ? ఊరేగింపుల ఎవలకు ఇనవడుతది?" అంటూ మిషన్ మీద వాల్యూమూ పెంచాడు, ఆంప్లిఫయర్ మీదా పెంచాడు. జైపాల్ అప్పుడు వాకిట్లో ఫోన్ మాట్లాడుతున్నాడు.

అవతల పూల దుకాణం వాడు. జైపాల్ గొంతు పెంచి చెప్పాల్సి వచ్చింది. "అన్నా, మామది ఇయ్యాలతోని ఐపాయె! మధ్యాహ్నం తీస్కస్తం. బండికి నిండ పూలు కట్టు. దండలు పెద్దయి కావాలె. ఆఖరుసారి గద, తక్కువ చెయ్యకు!"

ఎదురు క్వార్టర్ అరుగు మీద చాటలో కందిపప్పు ఏరుతున్న ఐలవ్వ చెయ్యి ఆగిపోయింది. బిక్షం పోయాడా? మరి ఇంట్లో ఒక్కరూ ఏడవరేం? ఆ ముసలామె చాలాసేపు ఆలోచించి, ఈ కాలం వాళ్ల తీరే అర్థం కాదనుకుని లోపలికి వెళ్లిపోయింది.

సారవ్వ, యమున వంటలు చూసుకోవడానికి కమ్యూనిటీ హాలుకు వెళ్లారు. బుచ్చన్న తన దారిన తాను వెళ్లాడు. జైపాల్ ముందు మామను జీపెక్కించి, తర్వాత ఇంటి దగ్గర ఆగి మిషన్ తీసుకుందామని తలుపుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని బాయి గేటుకు బయల్దేరాడు. మిషన్ ఆపలేదు.

కాసేపటికి కాలనీ పక్కనున్న ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ అయింది. కాలనీలో అది రోజూ ఉండేదే. నేల ఒకసారి అదురుతుంది, గిన్నెలు గలగలమంటాయి, జనం మాట ఆపి మళ్లీ అందుకుంటారు. ఆ రోజు బిక్షం ఇంట్లో మాత్రం నేల అదరగానే డప్పు మోగింది. ఆ మోతకు స్పీకర్ డబ్బా అదిరింది. డబ్బా అదిరితే దాని మీదున్న మిషన్ అదిరింది. శంఖం ఊదింది, గంట కొట్టింది, పటాకులు పేలాయి, మళ్లీ డప్పు. తన మోతకు తానే ఉలిక్కిపడుతూ, ఉలిక్కిపడినప్పుడల్లా మోగుతూ, మిషన్ ఇక ఆగలేదు.

డప్పు, శంఖం, గంట, పటాకులు కలిసి వినబడితే ఆ దిక్కున ఎవరూ పెళ్లి అనుకోరు.

నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకున్న పక్కింటి ముత్యం లేచి కూర్చున్నాడు. అతనికీ బిక్షానికీ మాటల్లేవు. యూనియన్ ఎలక్షన్లలో చెరో జెండా పట్టిన నాటి నుంచి ఒకరు వాకిట్లోకి వస్తే ఇంకొకరు లోపలికి పోతారు. ముత్యం బయటికి వచ్చి చూశాడు. శామియానా ఉంది, తలుపుకు తాళం ఉంది, లోపల చావు డప్పు మోగుతోంది. మోతకు ఐలవ్వ కూడా మళ్లీ అరుగు మీదికి వచ్చింది.

"ఐలవ్వా, ఏందే గిది?"

"బిక్షం పోయిండు బిడ్డా! అల్లుడు ఫోన్ల చెప్పంగ నా చెవులార ఇన్న."

"మరి తాళం ఎందుకున్నది?"

"దవాఖానకు పోయుంటరు, పీనుగను తేనీకి."

"లోపల డప్పు ఎవలు కొడుతున్నరే?"

ఐలవ్వ కొంచెం ఆలోచించింది. "గిప్పుడు అన్నీ మిషన్లే కద బిడ్డా" అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని శోకం మొదలుపెట్టింది. మిషన్ విషయంలో ఆ రోజు సరిగ్గా చెప్పింది ఆమె ఒక్కతే.

తోటివాళ్లకు తెలియాలని ముత్యం బాయి దగ్గర హాజరు చూసే టైం ఆఫీసుకు ఫోన్ చేశాడు. మోతలో తన మాటే తనకు వినబడలేదు. అవతలి క్లర్కుకు "బిక్షం ఇంట్ల చావు" అన్న మూడు ముక్కలే అందాయి. బిక్షం బాయిలోనే ఉన్నాడు కాబట్టి పోయింది ఇంకెవరో అనుకుని, క్లర్కు కిందికి కబురు పంపాడు. "మీ ఇంట్ల చావైందట, జల్ది రమ్మన్నరు."

బిక్షం చేతిలోని దుంగను అక్కడే వదిలేశాడు. ఇంట్లో ముసలి ప్రాణం సారవ్వదే. పొద్దున మోకాలు నొప్పి అంటే తాను పట్టించుకోలేదు. నెత్తి మీది లైటు తీయడం కూడా మరిచి, ఏడుస్తూ గేటు దాటాడు. ఎదురుగా పూల జీపు, పక్కన నవ్వుతూ అల్లుడు.

ఉద్యోగం వదిలిపోతున్న బాధ అనుకున్నాడు జైపాల్. "ఏడ్వకు మామా. ఎప్పటికన్న పోవాల్సిందే కద."

"నీకు ముందే తెల్సా అల్లుడా?"

"నెల కిందనే తెల్సు. అందుకే శామియానా చెప్పిన. వంటోళ్లు గూడ వచ్చిండ్రు."

"వంటోళ్లా?"

"మటన్ వండుతున్నరు మామా. అందరు సంబురపడాలె కద!"

బిక్షం అల్లుడి చెంప పగలగొట్టాడు. జైపాల్‌కు దిమ్మ తిరిగింది. డప్పుల వాళ్లు రాలేదని ఎవరో చెప్పేసి ఉంటారని తోచింది. "కోపం గాకు మామా, డప్పులు నేనే కొడ్త" అన్నాడు. రెండో చెంప కూడా పగిలింది.

బిక్షం జీపెక్కి, ఇంటికి పోనిమ్మన్నాడు. చుట్టూ బంతిపూలు, మధ్యలో వెక్కివెక్కి ఏడుస్తున్న బిక్షం, పక్కన రెండు చెంపలు పట్టుకున్న అల్లుడు. దారిలో ఎదురైనవాళ్లు పని మీద ఇంత ప్రేమున్న మనిషిని చూడలేదనుకుంటూ దండాలు పెట్టారు.

జీపు చేరేసరికి శామియానా నిండా జనం. చేతుల్లో దండలు. అందరూ మోగుతున్న ఇంటి వైపు తిరిగి ఉన్నారు. ముందు నిలబడి ముత్యం కళ్లు తుడుచుకుంటూ, మోతకు మించి అరుస్తూ చెబుతున్నాడు.

"బాయిల అసుంటి మనిషి మల్ల పుట్టడు! ఆ చెయ్యి నిలవెట్టిన దుంగ కింద కండ్లు మూసుకొని పని చేసినం. మా పిల్లలు ఇయ్యాల బువ్వ తింటున్నరంటే ఆ చెయ్యి పుణ్యమే!"

వెనక నిలబడ్డ బిక్షం ఏడుపు ఆపి అల్లుడి దిక్కు తిరిగాడు. "సారవ్వ బాయిల ఎన్నడు దిగిందిరా?"

జైపాల్ చెంపల మీది నుంచి చేతులు తీయకుండానే తెలియదన్నట్టు తల ఊపాడు.

అప్పుడే కమ్యూనిటీ హాలు దిక్కు నుంచి సారవ్వ పరుగెత్తుకొచ్చింది, వెనకే యమున. చావు కబురు వాళ్లకూ అందింది. మొగుణ్ని చూసి సారవ్వ ఆగిపోయింది.

"నువ్వు సచ్చినవంట కద!"

"నువ్వు సచ్చినవంటనే కదనే నేనచ్చింది!"

ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకుని తడిమి చూసుకున్నారు. జనం వెనక్కి తిరిగారు. ఏడుస్తున్నవాళ్లు ఏడుపు ఆపారు. ఐలవ్వ మాత్రం అందుకున్న శోకం మధ్యలో ఆపలేక ఇంకాసేపు ఏడ్చింది.

"మరి సచ్చిందెవలు?" అన్నారెవరో.

అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. అందరూ ఉన్నారు. లోపల డప్పు మాత్రం ఎవరి కోసమో మోగుతూనే ఉంది. జైపాల్ వెళ్లి తాళం తీసి, చేతికందిన వాల్యూమ్‌ను చివరిదాకా తగ్గించాడు. నిశ్శబ్దం. వాకిట్లోంచి కాలనీ మొత్తం అతని దిక్కే చూస్తోంది.

ముత్యం చేతిలో దండతో మెల్లగా తన గుమ్మం వైపు జరిగాడు.

"ముత్యం, ఆగు" అన్నాడు బిక్షం. యూనియన్ ఎలక్షన్ల తర్వాత అతనితో అన్న మొదటి మాట అది. "మొదటి నుంచి చెప్పు. నేను సగంల వచ్చిన."

"సచ్చినోనికి చెప్పే మాటలు బతికినోనికి చెప్తరా?"

"మరి దండ?"

ముత్యం దండను చూశాడు, బిక్షాన్ని చూశాడు. "వాడిపోతది, ఏస్కో" అంటూ మెడలో వేసి, అక్కడే అతని భుజం పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వెనక నుంచి మిగతా దండలన్నీ వచ్చి పడ్డాయి. బిక్షం ముక్కు తప్ప ఏదీ కనబడలేదు.

"అయితే ఇగ డప్పులేవి?" అన్నాడు ఆయన దండల్లోంచి.

జైపాల్ మిషన్‌ను చంకన పెట్టుకొచ్చి జీపెక్కాడు. బుచ్చన్నను పిలిపించి స్పీకర్‌ను జీపు బ్యాటరీకి తగిలించి, మిషన్ ఒళ్లో పెట్టుకుని, వాల్యూమ్ మళ్లీ పెంచాడు. సెన్సిటివిటీ సంగతి అతనికి అప్పటికీ తట్టలేదు. వేళ్లు ఆనించేలోపే జీపు కదిలింది. బొగ్గు లారీలు తిరిగి తిరిగి గుంతలు పడ్డ రోడ్డది. మొదటి గుంతకు డప్పు, రెండో గుంతకు డోలు, వరస గుంతలకు దరువు. ముత్యం జీపు ముందు దూకి ఎగరడం మొదలుపెట్టాడు. జనం ఈలలు వేశారు. జీపు డ్రైవరు ఉత్సాహం పట్టలేక మంచి రోడ్డు వదిలి గుంతలు వెతుక్కుంటూ పోయాడు.

"వేళ్లు ఎట్ల ఆడుతున్నయ్‌రా అల్లుడా!" అని బిక్షం అతని వీపు చరిచాడు. జైపాల్ మిషన్‌కు జానెడు ఎత్తున గాలిలో వేళ్లు ఆడిస్తూ సిగ్గుగా నవ్వాడు.

ఆ వాయింపు విని కాలనీలో చాలామంది తమ ఇంటి ఫంక్షన్లకు అతన్ని మాట్లాడుకున్నారు గానీ, మరుసటి నెల ఆ రోడ్డుకు కొత్త తారు వేశారు.