గొలుసు వంతు

ఆ రోజు పెద్దకోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. తన నెల వంతు అయిపోయింది కాబట్టి, కాఫీలు అయ్యేలోగా మెడలోని గొలుసు తీసి తోడికోడలికి అప్పగించాలి. అంతే.

మెడ నొప్పి పుడుతోందని అత్తగారు ఆ పొడుగాటి బంగారు గొలుసును ఈమధ్యే కోడళ్ళకు వదిలారు. చిన్నకోడలితో మొదలుపెట్టి నెలకొకరు వేసుకోవాలన్నారు. "ఎవరి వంతులో తెగితే రిపేరు వాళ్ళదే. జాగ్రత్తగా చూసుకున్నవాళ్ళకే చివరికి ఇచ్చేస్తాను" అని కూడా చెప్పారు. కాపురానికి వచ్చిన నాటినుంచీ పెద్దకోడలికి ఆ గొలుసంటే ప్రాణం.

తల మీదుగా తీస్తుంటే వేలికేదో తగిలింది. అద్దంలో చూసుకుంది. కొక్కెం అరిగి విరిగిపోయి ఉంది. విరిగినచోట ఆకుపచ్చ దారం చుట్టి, ముడి వేసి ఉంది! ఆ రంగు దారం ఈ ఇంట్లో చిన్నకోడలి దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. పోయిన నెల "నేనే వేస్తానుండక్కా" అంటూ అంత ప్రేమగా మెడలో వేసింది ఇందుకన్నమాట.

"అమ్మో, ఎంత గుండెలు తీసిన మనిషి!" అనుకుంది పెద్దకోడలు. అనుకుని ఊరుకోకుండా, ఆ దారం కనబడకుండా దానిమీద పసుపుపచ్చ దారం చుట్టేసింది.

వంటింట్లో చిన్నకోడలు గొలుసును చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"ఈ నెల కూడా నువ్వే ఉంచుకో అక్కా. నీకే నిండుగా ఉంటుంది."

"నీ వంతు నేనెలా తీసుకుంటానమ్మా?"

"నాకు బంగారం పడట్లేదక్కా, ఒంటికి దద్దుర్లొస్తున్నాయి."

"నాకైతే అసలు నగలంటేనే విరక్తి పుట్టింది. జన్మలో మళ్ళీ ముట్టుకోను!"

గుమ్మంలో అత్తగారు నిలబడి ఉన్నారు. ఆవిడ కళ్ళు చెమర్చాయి. "నగ కోసం కొట్టుకునే తోడికోడళ్ళని చూశాను గానీ ఇలాంటి బంగారుతల్లుల్ని చూళ్ళేదు. మీకు ఆశే లేదన్నప్పుడు దాన్ని అమ్మాయికే ఇచ్చేస్తాను" అని, అక్కడికక్కడే పక్కవీధిలో ఉన్న కూతురికి ఫోన్ చేశారు.

నిజం చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే గొలుసు పోతుంది. ఆ రెండింట్లో ఏది పోతే నయమో పెద్దకోడలు తేల్చుకునేలోపే ఆడపడుచు వచ్చి మెడ వంచింది, అత్తగారు గొలుసు వేసేశారు.

"ఎలా ఉంది వదినా?" అంటూ ఆడపడుచు గిర్రున తిరిగింది. గొలుసు జర్రున జారి నేలమీద పడింది.

ఆడపడుచు వంగి దాన్ని తీసి, దారం విప్పడం మొదలుపెట్టింది. పసుపుపచ్చది ఊడింది. పెద్దకోడలు తలదించుకుంది. ఆకుపచ్చది ఊడింది. చిన్నకోడలు తలదించుకుంది. దాని అడుగున ఇంకో దారం ఉంది. తెల్లది, కుట్టుమిషను దారం. ఆ ఇంట్లో మిషను తొక్కేది అత్తగారొక్కరే.

కోడళ్ళిద్దరూ ఒక్కసారే తలలెత్తారు.

"అమ్మా! తెగిందని తెలిసి కూడా కన్నకూతురి మెడలో వేశావా?"

"నువ్వైతే గుట్టుగా బాగు చేయించుకుంటావనుకున్నానే" అన్నారు అత్తగారు నీళ్ళు నములుతూ.

పెద్దకోడలికి ప్రాణం లేచొచ్చింది. "ఎవరి వంతులో తెగితే రిపేరు వాళ్ళదే అన్నారు కదా అత్తయ్యా?"

"అన్నాను. ఇప్పుడు కిందపడింది దాని వంతులోనే కదమ్మా."

"నా వంతా? వచ్చి ఇంకా కూర్చోనైనా లేదు!" ఆడపడుచు గొలుసును భోజనాల బల్ల మీద పడేసి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

అక్కడే పడున్న గొలుసును ముట్టుకుంటే ఎక్కడ తమ వంతు మొదలవుతుందోనని, ఆ బల్ల దగ్గర నాటినుంచీ అందరూ మోచేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకుని భోజనం చేస్తున్నారు.