యుద్ధవిమానానికి పసుపు బొట్టు

జువ్వలదిన్నె కరెంటాఫీసు గుమాస్తా నరేంద్రబాబుకు ఆ ఆదివారం పొద్దున ఒకటే పని. మూరెడు పొడుగున్న ప్లాస్టిక్ యుద్ధవిమానానికి బూడిదరంగు ఆఖరి పూత వేసి, ఆరబెట్టి, మధ్యాహ్నం నెల్లూరులో జరిగే నమూనా విమానాల పోటీలో కప్పు కొట్టుకురావాలి. పోయినేడు ఆ కప్పు పక్క సీటు సుధాకర్ కొట్టాడు. కొట్టినవాడు ఊరుకోక దాన్ని ఆఫీసు బల్ల మీద పెట్టి అందులో పెన్నులు వేశాడు. అప్పట్నుంచీ సంతకం చేయాలంటే నరేంద్రబాబు ఆ కప్పులో చెయ్యి పెట్టాల్సిందే.

రంగుల విషయంలో అతని లెక్క తేలిక. తానొక్కడే కళాకారుడు, మిగతా లోకమంతా గోడలకు సున్నం కొట్టేవాళ్లు. ఆ కళాకారుడి పూత మాత్రం సముద్రపు తేమకు బూజు పట్టినట్టు తెల్లబడింది. తిట్టుకుంటూ మళ్లీ పూసి, మిద్దె మీద ఎండలో పెట్టి స్నానానికి పోయాడు.

సంగం నుంచి అప్పుడే దిగిన అత్తగారు మాలకొండమ్మ, ఒడియాలు చూద్దామని మిద్దెక్కింది.

"ఈ బండెవురిదే సాయిలక్ష్మీ?"

"మీ అల్లుడిదే మా. ఇయ్యాళ మొదటిసారి నెల్లూరు తీసకపోతాడు."

కొత్త బండి బొట్టు లేకుండా గడప దాటడమా! నరేంద్రబాబు తువ్వాలుతో వచ్చేసరికి విమానం ముక్కు నుంచి తోక దాకా పసుపు.

"అత్తా! ఏం పని చేసినావు?"

"చాల్లేదా నాయనా? రెక్కల కింద గూడా రాసేదా?"

పచ్చి రంగులో పసుపు దిగిపోయింది. కళాకారుడు సబ్బు తెచ్చి రుద్దాడు. పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని ఆ వీధిలో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. రెక్కలు ఎర్రగా పండాయి.

"పారాణి బాగా కుదిరింది. పెళ్లికొడుకేడీ?" అంది భార్య.

మళ్లీ పూత వేయడానికి వేళ లేదు. బస్సెక్కాడు. అల్లుడి బండి కదా అని అత్తగారూ సంచీతో ఎక్కింది.

నెల్లూరు కల్యాణమండపంలో సుధాకర్ విమానం అద్దంలా మెరుస్తోంది.

"ఏందన్నా, నీ విమానం సమర్తాడిందా?" అన్నాడు సుధాకర్.

జడ్జి మాథ్యూగారు వాయుసేనలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. పసుపు విమానం ముందు ఆగి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"కొత్త విమానమొస్తే మా హ్యాంగర్లో ఇట్లాగే పూజ చేసేవాళ్లు. పసుపు రాసింది నేనే! మిగతావన్నీ బొమ్మలయ్యా, విమానమంటే ఇదీ. కప్పు దీనికే. ఎవురిదీ ఆలోచన?"

నరేంద్రబాబు అత్తగారిని మోచేత్తో వెనక్కి నెట్టాడు.

"నాదే సార్. నెలల తరబడి పరిశోధన చేసినా."

"మరి నిమ్మకాయలు తొక్కించలేదే?" అన్నాడు జడ్జి.

"నేను తెచ్చినా గదా!" అంటూ మాలకొండమ్మ సంచీలోంచి తీసి చక్రాల కింద పెట్టింది. ఒక్కో చక్రం శనగ్గింజంత. ఒక్కో నిమ్మకాయ కోడిగుడ్డంత.

మండపమంతా చూస్తోంది. పరిశోధకుడు వెనక్కి తగ్గితే పరువేం కాను? కళ్లు మూసుకుని ఒక్క తోపు తోశాడు. నిమ్మకాయలకు ఏమీ కాలేదు. విమానం మాత్రం మూడు కాళ్లూ విరిగి, ముక్కు బల్లకు గుద్దుకుని, బోర్లా పడింది.

మాథ్యూగారు సొంత కాళ్ల మీద నిలబడని విమానానికి కప్పివ్వడం నిబంధనల్లో లేదని చెప్పి, ఆ కప్పును మళ్లీ సుధాకర్ చేతిలోనే పెట్టాడు.

మాలకొండమ్మ అల్లుడి వీపు నిమిరింది.

"పోన్లే నాయనా, దిష్టి బండితో పోయింది. లోపల మనుషులెవురూ లేరు, అదే పదివేలు."