దర్వాజా ఉంటేనే సాయం

"కూలిన ప్రతి ఇల్లూ సర్కారు గుండెల మీద కూలినట్టే" అని సికింద్రాబాద్‌లో సహాయాధికారి గారు ప్రకటించారు. పోలీసు చర్య జరిగిన మరుసటి సంవత్సరం అది. అధికారులు కొత్త, ఉత్సాహమూ కొత్తే. ఆ మాట విని, మౌలాలి గుట్ట కింద బొంతలు కుట్టుకునే సర్దార్ బీ కళ్లు తుడుచుకుంది. వానలకు ఆమె మట్టి ఇల్లు పూర్తిగా కూలిపోయింది. చలికాలం వచ్చేలోగా ఒక్క గది లేస్తే చాలని అర్జీ పెట్టుకుంది.

మూడు నెలలకే ఆఫీసు జవాను నోటీసు తెచ్చాడు. ఎంత వేగమో చూడండి.

"తనిఖీ నోటీసు. దర్వాజాకు అంటియ్యాలె. ఏదీ దర్వాజా?"

"ఇల్లే లేదు కొడుకా. నా చేతికియ్యి."

"చేతికిస్తే రూల్ ఒప్పదు. దర్వాజా లేకుంటే నోటీసు వాపస్ పోతది. కేసు బంద్."

సర్దార్ బీ పరుగున వెళ్లి వడ్రంగి పర్వతాలు కాళ్లావేళ్లా పడింది. అతను నేరేడ్‌మెట్ గిరాకీ ఒకాయన కోసం చేసిన టేకు దర్వాజాను మోసుకొచ్చి, మట్టికుప్ప ముందు నిలబెట్టి, వెనక రెండు కర్రలు పోటు పెట్టాడు.

"ఐతారం దాకనే అక్కా. గిరాకీ వస్తడు."

జవాను తృప్తిగా నోటీసు అంటించి పోయాడు.

శుక్రవారం అధికారి గారు ఫోటోగ్రాఫర్‌తో సహా వేంచేశారు. టేకు దర్వాజా చూడగానే ఆయన ముఖం వెలిగిపోయింది.

"వెరీ గుడ్. ఇల్లు అప్పుడే కంప్లీట్ అయిందా?"

"అయ్యా, జెర లోపలికొచ్చి చూడున్రి. అంతా మట్టే ఉన్నది."

"ఫ్లోరింగ్ మీ ఇష్టం అమ్మా. అందులో సర్కారు జోక్యం చేసుకోదు."

బూట్లతో గడప దాటడం మర్యాద కాదని ఆయన బయటే ఆగిపోయారు. ఎంత సంస్కారం. దర్వాజాకు దండ వేసి, ఫోటో దిగి, పూర్తయిన ఇళ్ల జాబితాలో మొదటి పేరుగా ఆమెది రాయించి జీపెక్కారు.

ఆదివారం పర్వతాలు తన దర్వాజా తీసుకుపోయాడు.

పది రోజులకు జవాను మళ్లీ వచ్చి, మట్టికుప్ప చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"సర్కారు ఇల్లు ఏడ అమ్ముకున్నవ్?"

"ఏ ఇల్లు?"

అతను ఫోటో చూపించాడు.

"అది దర్వాజా కొడుకా. ఇల్లు నేను సుత చూడలే."

"గా ముచ్చట కచేరీల చెప్పు. కేసైంది నీ మీద." జవాను కొత్త నోటీసు, గంజి డబ్బా బయటికి తీశాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. చివరికి నోటీసు ముందుకు చాచాడు. "ఇగో, చేతికి తీస్కో."

సర్దార్ బీ బొంత భుజాల మీదికి లాక్కుని, మట్టికుప్ప మీద తీరిగ్గా కూర్చుంది.

"చేతికిస్తే రూల్ ఒప్పదు కొడుకా."