లొంగిపోయినవాడికి భోజనం

శనివారం మధ్యాహ్నానికల్లా డ్రాగన్‌తో యుద్ధం ముగించాలని లైల్ టోర్గర్సన్ పొద్దున కాఫీ తాగుతూ నిర్ణయించుకున్నాడు. అమెరికాలోని షెబాయ్‌గన్ ఊళ్లో అతని ఇంటి బేస్‌మెంట్‌లో మూడేళ్లుగా నడుస్తున్న ఆట అది. ఆటగాళ్లు వీరులుగా మాట్లాడతారు, పాచికలు వేస్తారు. మిగతా లోకమంతా, అంటే రాక్షసులూ దయ్యాలూ వాతావరణమూ, అన్నీ తానే అయి లైల్ మాట్లాడతాడు. చలికాలమంతా కూర్చుని డ్రాగన్ బొమ్మకు పొలుసు పొలుసుకూ రంగు వేశాడు. ఇంటి గోడలు తమ వంతు కోసం ఇంకా ఎదురు చూస్తున్నాయి.

ఆ రోజు ఆట చూడటానికి మిల్వాకీలోని ఒక ఆటల కంపెనీ నుంచి రెనాటా కోవాల్కే అనే ఎడిటర్ వస్తోంది. నచ్చితే లైల్ కథను పెట్టెలో పెట్టి అమ్ముతారు. పెళ్లికి ముందు నుంచీ అతను కోరుకుంటున్నది అదొక్కటే.

ఆమె మెప్పు కోసం లైల్ ఒక కొత్త నియమం రాశాడు. ఆట పుస్తకంలో చంపడానికి వంద పేజీలున్నాయి, లొంగిపోవడానికి ఒక్క వాక్యం లేదు. ఎవరూ దున్నని పొలం దొరికిందనుకున్నాడు. ఓడిపోయే స్థితిలో ఉన్న ఏ ప్రాణి అయినా ఆయుధం పడేసి లొంగిపోవచ్చు. గెలిచినవాడు దానికి తిండి పెట్టాలి, కాపాడాలి. ఇదీ నియమం.

వెర్లిన్ దాన్ని రెండుసార్లు చదివాడు. అతను ఆటగాళ్లలో ఒకడు, లైల్‌తో బడిలో చదువుకున్నవాడు, బీమా కంపెనీలో క్లెయిములు తిరగ్గొట్టే ఉద్యోగి.

"ఒరేయ్, ఏ ప్రాణి అయినా అంటే ఏదైనానా?"

"అవున్రా. చదవడం రాదా?"

"ఊరికే అడిగాలే."

వెర్లిన్ జన్మలో ఏదీ ఊరికే అడగలేదు.

రెనాటా వచ్చి కూర్చోగానే ఆట మొదలైంది. డ్రాగన్ గుహ వాకిట్లో కాపలా ఉన్నది ఒక గాబ్లిన్, అంటే మరుగుజ్జు రాక్షసి. లైల్ చెల్లెలు డోరీ కత్తి ఎత్తింది. గాబ్లిన్ బల్లెం పడేసింది.

"ఏం తింటావు నాయనా?" అంది డోరీ. ఆమె బడి పిల్లలకు వండిపెట్టే మనిషి.

"పుట్టగొడుగులు," అన్నాడు లైల్, గాబ్లిన్ గొంతుతో.

"ఓవెన్‌లో క్యాసరోల్ వండి అందులో వేస్తా. గిన్నెలో మిగిల్చావంటే ఊరుకోను."

రెనాటా నవ్వింది. ఆ నవ్వు లైల్ తలకెక్కింది. వెంటనే ఇంకో గాబ్లిన్ చేత కూడా బల్లెం పడేయించాడు.

"నువ్వు లోపలికెళ్లి మీవాళ్లకి చెప్పు, ఇక్కడ భోజనాలున్నాయని," అన్నాడు వెర్లిన్ దానితో.

గుహ గుహంతా వరుస కట్టింది. తోసుకున్నవాళ్లను డోరీ వెనక్కి పంపింది. మధ్యాహ్నం దాటింది. లైల్ డ్రాగన్ బొమ్మను బల్ల మధ్యకు జరిపాడు. డోరీ దాన్ని పక్కకు జరిపి చీజ్ పళ్లెం పెట్టింది.

ఇక ఆగలేక లైల్ గుహ కప్పు చీల్చి డ్రాగన్‌ను దింపాడు. "ఎవడ్రా నా కొంపలో వంట చేస్తోంది?"

వెర్లిన్ కత్తి కింద పెట్టాడు. "లొంగిపోతున్నాం."

"యుద్ధమే మొదలవలేదు కదరా! ఓడిపోతుంటేనే లొంగాలి!"

"అయితే నీ డ్రాగన్ మీద మేం గెలిచేస్తామంటావా?"

"మీరా? నా డ్రాగన్ మీదా? ఏడు జన్మలెత్తినా గెలవలేరు!"

"ఓడిపోతున్నట్టేగా మరి. నువ్వే అన్నావు. మాకూ మా బందీలకూ భోజనం పెట్టు."

"నేను ఉల్లిపాయ తినను, అన్నయ్యా," అంది డోరీ.

లైల్ రెనాటా వైపు చూశాడు.

"నియమం మీరు రాసిందే కదండీ," అందామె.

డ్రాగన్ గొంతు తగ్గించింది. "ఎంతమంది ఉన్నారు?"

సాయంత్రం రెనాటా మెట్ల దగ్గర మంచు బూట్లు తొడుక్కుంటుంటే లైల్ కోటు అందించాడు. "క్షమించండి మేడమ్. యుద్ధం చూపించలేకపోయాను."

"చంపుకోవడాలు మా గోడౌన్ నిండా ఉన్నాయండీ. ఈ భోజనాల ఆట ఎక్కడా లేదు. అదే వేస్తాం."

"మరి నా డ్రాగన్?"

"అది లేకుండా ఎలా? పెట్టె మూత మీద బొమ్మే దానిది."

ఆకులు రాలే కాలానికి పెట్టె వచ్చింది. మూత మీద లైల్ డ్రాగన్ పొలుసు పొలుసూ కనిపించేలా నిలబడి నిప్పులు కక్కుతోంది, క్యాసరోల్ గిన్నె కిందికి.